గీతలు పడ్డ జేబు చాకు పిడి: మెరుగు పెట్టాలా, కాగితంతో రుద్దాలా, పలకలే మార్చాలా?

తాళాల గుత్తితో కలిసి ఒకే జేబులో ఏడాది తిరిగిన చాకును చూడండి. బ్లేడు బాగానే ఉంటుంది, స్ప్రింగు టక్కుమని పలుకుతుంది, పిడి మాత్రం తెల్లటి గీతలతో మసకబారి ఉంటుంది. అందరూ తాళాలనే తిడతారు. నిజానికి సన్నగీతల్లో ఎక్కువ భాగం జేబు అడుగున పేరుకున్న ఇసుక, దుమ్ము వల్ల పడేవే. చెన్నై మెరీనాలోనో బెసంట్ నగర్‌ బీచ్‌లోనో ఒక సాయంత్రం కూర్చుని వస్తే చాలు, ప్యాంటు జేబులో పదిరోజులకు సరిపడా ఇసుక చేరుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ తాళపుచెవి ఇత్తడి కన్నా చాలా గట్టిది. పిడి ప్లాస్టిక్ ఆ రెంటి ముందూ మెత్తనే.

ఇలాంటి పిడికి ఉన్న దారులు నాలుగు: మైనం పూసి వదిలేయడం, పాలిష్ పెట్టడం, వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) రుద్ది పాలిష్ చేయడం, పలకలు (పిడికి రెండు వైపులా ఉండే ప్లాస్టిక్ ముక్కలు) మార్చడం. అసిటోన్ తుడుపు, పైన క్లియర్ లక్కర్ (పారదర్శక పూత) అని ఇంకో రెండు వినిపిస్తుంటాయి. అవి ఎందుకు వద్దో కూడా కింద ఉంది. పిడి ఏ ప్లాస్టిక్, గీత ఎంత లోతు అనే రెండూ తేలకుండా వీటిలో దేన్నీ మొదలుపెట్టకూడదు. పాడైన పిడుల్లో చాలావాటిని పాడుచేసింది అసలు గీత కాదు, దానికి చేసిన వైద్యం.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ ప్లాస్టిక్?

స్విస్ ఆర్మీ చాకుల్లో 58, 84, 91 మి.మీ. కొలతల్లో (మూసిన పొడవు) వచ్చే నిగనిగలాడే పిడి సాధారణంగా సెల్లిడోర్. సెల్యులోజ్ అసిటేట్ బ్యూటిరేట్ అనే ప్లాస్టిక్‌కు అది వ్యాపారనామం. పాత స్క్రూడ్రైవర్ల పెట్టె తెరవగానే పులిసిన వెన్నలాంటి వాసన వస్తుంది కదా, అది ఈ జాతి ప్లాస్టిక్‌దే. గీత తొందరగా పడుతుంది, మెరుగూ అంతే తొందరగా ఎక్కుతుంది. ఇంట్లో బాగుచేసుకోవడానికి ఇంతకన్నా అనుకూలమైన పిడి లేదు.

111 మి.మీ. పెద్ద చాకులకూ, 91 మి.మీ.లోని కొన్ని చవక రకాలకూ మెరుపులేని నైలాన్ పిడి ఉంటుంది. ఇతర కంపెనీల మడత చాకుల్లో నల్లగా, గళ్లగళ్లుగా ఉండే పిడి చాలావరకు గాజునార కలిపిన నైలాన్. ఎముకలా చెక్కినట్టు కనిపిస్తూ వేలికి జారుడుగా తగిలేది అసిటాల్ కావచ్చు, డెల్రిన్ అన్నా అదే. చవక మల్టీటూళ్లకు ఏబీఎస్ వాడతారు. తాతల కాలం నాటి చాకుకు ముత్యపు మెరుపు పిడి ఉంటే అది సెల్యులాయిడ్ అయ్యే అవకాశం ఉంది. దాని కథ వేరు, చివర్లో చూద్దాం.

అనుమానం ఉంటే కంటికి కనపడని చోట, అంటే టూత్‌పిక్ దూరే గాడి లోపలి అంచున, దూదిపుల్లతో అసిటోన్ తాకించి అయిదు సెకన్లలో తుడిచేయండి. జిగురుగా తగిలితే సెల్లిడోర్, ఏబీఎస్, యాక్రిలిక్, సెల్యులాయిడ్‌లలో ఒకటి. ఏమీ కాకపోతే నైలానో అసిటాలో. గోళ్ల రంగు తుడిచే ద్రవంతో చేసేటట్టయితే సీసా మీద అసిటోన్ ఉందో లేదో చూడండి, లేని రకాలూ అమ్ముతారు. సూది కాల్చి గుచ్చి వాసన చూసే పరీక్ష మాత్రం వద్దు. అసిటాల్ కాలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది, సెల్యులాయిడ్ అయితే భగ్గున అంటుకుంటుంది.

రెండోది: లోతు

గోరును గీతకు అడ్డంగా లాగండి. ఆగకుండా జారిపోతే పాలిష్ చాలు. గోరు తట్టుకుంటే కాగితం కావాలి. గోరు దిగబడి ఆగిపోతే అది గీత కాదు, గాడి. దాన్ని పూర్తిగా తీసేయాలంటే చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నంతా ఆ మట్టానికి దించాలి, పిడి ఆకారమే మారిపోతుంది.

సెల్లిడోర్‌కు ఇంకో మంచి పరీక్ష ఉంది. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పిడి మీద ఒక చుక్క లిక్విడ్ పారాఫిన్ రాయండి, మందుల షాపులో దొరుకుతుంది. గీత తెల్లగా కనిపించేది దాని అంచుల మీద వెలుతురు చెదరడం వల్ల. సెల్లిడోర్ వక్రీభవన గుణకం, ఈ నూనెది దాదాపు ఒకటే, 1.47 – 1.48 మధ్య. అందుకే నూనె నిండిన గీత కంటికి మాయమవుతుంది. నూనె రాశాక కూడా కనిపిస్తున్నవే మీరు నిజంగా కష్టపడాల్సిన గీతలు. చాలా పిడుల మీద అవి మూడో నాలుగో తేలతాయి, మిగతాదంతా పైపై మసక.

పిడి మీది కంపెనీ ముద్ర సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. డాలు గుర్తు లోహపు ముక్కగా పొదిగి ఉంటే దాని మీదుగా మెల్లగా పాలిష్ పెట్టవచ్చు. చిన్న చాకులమీద, చవక రకాలమీద అది అచ్చు వేసింది కావచ్చు. రెండు నిమిషాల పాలిష్‌కే చెరిగిపోతుంది, తిరిగి రాదు.

దారులు పక్కపక్కన

| దారి | ఏ గీతలకు | ఏ పిడికి | సమయం | పోగొట్టుకునేది |
|---|---|---|---|---|
| మైనం మాత్రమే | పైపై మసక | అన్నిటికీ | 10 నిమిషాలు | ఏమీ లేదు, కొన్ని వారాలకు మళ్లీ పూయాలి |
| పాలిష్ | గోరుకు తగలనివి | సెల్లిడోర్, యాక్రిలిక్, ఏబీఎస్ | 20 – 30 నిమిషాలు | అచ్చు ముద్ర |
| కాగితం, తర్వాత పాలిష్ | గోరు తట్టుకునేవి | సెల్లిడోర్, యాక్రిలిక్. జాగ్రత్తగా ఏబీఎస్ | గంట, ఆరడానికి ఇంకో పూట | అంచుల పదును, కొంత మందం |
| పలకలు మార్చడం | గాడులు, పగుళ్లు | విడి పలకలు దొరికే చాకులకే | 20 నిమిషాలు | పాత పలకలు, డబ్బు |

పాలిష్: ఎక్కువమందికి ఇదే చాలు

ఇంట్లో ఉన్నదానితో మొదలుపెట్టాలంటే మామూలు తెల్ల టూత్‌పేస్టు. రంగురంగుల జెల్ కన్నా ఇది మెరుగు. తడి గుడ్డ మీద బఠాణీ గింజంత తీసుకుని, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు చిన్న చిన్న చుట్లుగా రుద్దండి. వెంట్రుకంత గీతలు తగ్గుతాయి, పూర్తి నిగారింపు మాత్రం రాదు.

పండగకు వెండి సామాను తళతళలాడించే విబూదినీ, ఇత్తడి తోమే పొడులనూ ప్లాస్టిక్ దగ్గరికి రానీయకండి. వాటిలో రేణువులన్నీ ఒకే సైజులో ఉండవు. వందలో ఒక్కటి ముతకదైనా, మీరు తీసిన గీతల కన్నా లోతైన గీత అదే పెడుతుంది. పళ్లపొడికీ ఇదే మాట.

బ్రాసో లాంటి ద్రవ మెటల్ పాలిష్ సెల్లిడోర్ మీద బాగానే పనిచేస్తుంది. ఆ ఘాటు అమ్మోనియాది. అది రివెట్ల సందుల్లో నిలవడం ఇత్తడికి మంచిది కాదు. కాబట్టి సీసాలోంచి నేరుగా పిడి మీద పోయకుండా, గుడ్డకు నాలుగు చుక్కలు అద్ది రుద్దండి. రెండు నిమిషాలు రుద్ది తుడిచేయడం, కావాలంటే మళ్లీ పెట్టడం. పూసి ఆరనిచ్చే పద్ధతి లోహానికే.

మూడింట్లో మొదటి ఓటు కార్ల రబ్బింగ్ కాంపౌండ్‌కే. పుదుపేట విడిభాగాల దుకాణాల్లో, పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. ముతక రకం, సన్న రకం రెండూ ఉంటాయి. గోరుకు తగలని గీతలకు సన్నదొక్కటే తీసుకోండి. పెయింటు మీద గీతలు తీయడానికే చేసింది గనుక రేణువు సమానంగా ఉంటుంది, రుద్దుతున్నకొద్దీ ఇంకా సన్నబడుతుంది. పాత బనీను గుడ్డతో ముందు, మైక్రోఫైబర్‌తో తర్వాత. గుడ్డ ఏదైనా పొడి దులిపి, కుట్టు అంచు తగలకుండా మడిచి పట్టుకోవాలి.

చేతి డ్రిల్లుకో రోటరీ యంత్రానికో ఫెల్ట్ చక్రం తగిలించి పని త్వరగా ముగిద్దామనిపిస్తుంది. సెల్లిడోర్ పాడవడానికి పెద్ద కారణాల్లో అదొకటి. చక్రం ఒకే చోట రెండు సెకన్లు ఆగితే చాలు, రాపిడి వేడికి పైపొర మెత్తబడి పూసుకుపోతుంది, దానిలో కాంపౌండు ఇరుక్కుంటుంది. ఆ మచ్చ పోవాలంటే మళ్లీ 800 కాగితం నుంచి మొదలు. చేత్తో చేస్తే ఈ ప్రమాదమే లేదు, పైగా మొత్తం పని అరగంటే.

వాటర్ పేపర్: ఓపిక ఉంటేనే

వాటర్ పేపర్ హార్డ్‌వేర్ షాపుల్లో విడి షీట్లుగా దొరుకుతుంది: 800, 1000, 1500, 2000 నంబర్లు ఒక్కొక్కటి. నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నం. 600 మరీ ముతక, కొనకపోవడమే మంచిది. ఇంట్లో ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది. పి-ప్రమాణంలో (కాగితం వెనక P అని ఉండే కొలత) 800 కాగితం రేణువు సగటున సుమారు 22 మైక్రాన్లు, 1000ది 18, 1500ది 12 – 13, 2000ది 10. ఒక్కో మెట్టు ముందు మెట్టు పెట్టిన గీతలను మాత్రమే చెరపగలదు. 800 నుంచి నేరుగా 2000కు దూకితే గంట రుద్దినా 800 గీతలు అలాగే ఉంటాయి. పాలిష్ పెట్టాక వెలుతుర్లో మరీ స్పష్టంగా బయటపడతాయి.

చేసే పద్ధతి ఇది. టూత్‌పిక్, చిమటా బయటికి తీయండి. బ్లేడ్లన్నీ మూసి, వీపు మీద స్ప్రింగుల వెంట, ఎదురుగా బ్లేడ్ల సందు మీద మాస్కింగ్ టేప్ అంటించండి. డాలు గుర్తు మీద కూడా చిన్న ముక్క. కాగితాలను చిన్న ముక్కలుగా కోసి, గిన్నె సామాను తోమే ద్రవం ఒక చుక్క కలిపిన నీళ్లలో పది నిమిషాలు నాననివ్వండి. బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పుగా ఉంటాయి, ఆరాక తెల్ల మరక మిగులుతుంది. ఈ గిన్నెడుకూ తాగేనీళ్లు వాడండి.

కాగితాన్ని పిల్లల రబ్బరు ముక్కకు చుట్టి పట్టుకోండి. ఉత్త వేలితో నొక్కితే వేలి కిందే గుంట పడుతుంది. రబ్బరు పిడి ఒంపుకు తగ్గట్టు వంగుతూ బరువును సమానంగా పంచుతుంది. 800ను గీత లోతుగా ఉన్నచోటే కాకుండా పలక మొత్తానికీ, పొడవునా ఒకే దిక్కులో రుద్దాలి. నాలుగైదు నిమిషాల్లో పలకంతా ఒకే రకం మసక రావాలి. తర్వాత 1000ను అడ్డంగా రుద్దాలి. పొడవు గీతలన్నీ పోయి అడ్డగీతలే మిగిలినప్పుడు ఆ మెట్టు అయినట్టు. 1500 మళ్లీ పొడవునా, 2000 మళ్లీ అడ్డంగా. దిక్కు మార్చడం చాదస్తం కాదు, పాత గీత మిగిలిందో లేదో కంటికి తెలిసే ఏకైక గుర్తు అది.

మెట్టుకూ మెట్టుకూ మధ్య పిడినీ, చేతులనూ, గిన్నెనూ కడిగి నీళ్లు మార్చండి. 2000 వేసేటప్పుడు ఎక్కడో మిగిలిన ఒక్క 800 రేణువు అరగంట పనిని చెడగొడుతుంది. అంచుల దగ్గర బరువు సగానికి తగ్గించండి, లేకపోతే పలక అంచు గుండ్రబడి, పక్కనున్న లోహపు పొర పొడుచుకొచ్చినట్టు చేతికి తగులుతుంది.

2000 అయ్యాక పిడి పాలగాజులా కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది చెడిపోయిందనుకుని కంగారుపడతారు. కాంపౌండ్ పెట్టిన మూడో నిమిషానికి పిడి రంగు మళ్లీ లోతుగా తేలుతుంది.

పని అయ్యాక టేప్ తీసి, సబ్బునీళ్లలో ప్రతి బ్లేడునూ పదిసార్లు తెరిచి మూయండి. కీళ్లలోకి దిగిన కాగితపు పొడి అక్కడే ఉంటే లోహాన్ని అరగదీస్తుంది. మంచినీళ్లతో కడిగి, అన్నీ సగం తెరిచి ఫ్యాను కింద ఒక పూట ఆరబెట్టి, కీలుకో చుక్క నూనె వేయండి. చెన్నై తేమలో ఆ నూనె చుక్క మర్చిపోతే మర్నాటికే బ్లేడు మొదట్లో తుప్పు చుక్క కనిపించే అవకాశం ఉంది.

నైలాన్, అసిటాల్ పిడులకు ఈ లెక్క వర్తించదు

నైలాన్‌కు అద్దపు మెరుపు రాదు. గాజునార కలిసినదాన్ని రుద్దితే నార పైకి లేచి పిడి నెరిసినట్టు అవుతుంది. ఆ పొడి చర్మానికి దురద, ఊపిరితిత్తులకు చెడు. ఇక్కడ గీత తీయడం కన్నా మసకను సమానం చేయడమే గెలుపు. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్ ముక్కను తడిపి, గళ్ల వెంట మెల్లగా ఒకే దిక్కులో రుద్ది, కడిగి ఆరబెట్టి, నూనె అద్దిన గుడ్డతో తుడవండి. దూరం నుంచి కొత్తదానిలాగే ఉంటుంది.

లేతరంగు నైలాన్ పలకలు స్క్రూలతో బిగించినవైతే ఇంకో అందమైన దారి ఉంది: రంగు వేయడం. పట్టుకు వేసే ఆసిడ్ రంగులే నైలాన్‌కూ పడతాయి. జార్జ్‌టౌన్ రంగుల, రసాయనాల దుకాణాల్లో అడిగి చూడండి. పలకలు విప్పి, 80 డిగ్రీలకు పైన వేడి నీళ్లలో రంగూ కొంచెం వెనిగరూ కలిపి నానబెట్టాలి. ముదురు రంగులో గీతలు కలిసిపోతాయి. సెల్లిడోర్‌ను మాత్రం ఆ వేడిలో పెట్టకండి, వంకర తిరుగుతుంది.

అసిటాల్‌ను 1500, 2000తో తేలిగ్గా రుద్ది కాంపౌండ్ పెడితే పట్టులాంటి నునుపు వస్తుంది. దాని మీద జిగురు గానీ పూత గానీ నిలవవు.

పలకలు మార్చడం ఎప్పుడు?

రివెట్ చుట్టూ పగులు వచ్చినా, ఒక మూల విరిగినా, గాడి గోరంత లోతున్నా రుద్దుతూ కూర్చోవడం దండగ. లైఫ్‌టైమ్ వారంటీ ఉంది కదా అనుకుంటారు. అది తయారీ లోపాలకు, వాడకం వల్ల పడ్డ గీతలకు కాదు. స్విస్ చాకుల్లో చాలావాటి పలకలు జిగురుతో కాకుండా ఇత్తడి రివెట్ల తలల మీద నొక్కుడుతో కూర్చుంటాయి. మూసిన చాకు పొడవు కొలిచి, 84నో 91నో తేల్చుకుని, గాళ్ల సంఖ్య కూడా సరిచూసుకోండి. పెన్ను, గుండుసూది గాళ్లున్న పలకలు వేరే ఉంటాయి.

కొత్తవి చేతికొచ్చాకే పాతవి ఊడదీయండి. ఊడదీసిన పలక మళ్లీ పట్టుగా కూర్చోకపోవచ్చు. హెయిర్ డ్రయ్యర్‌తో నిమిషంసేపు గోరువెచ్చగా చేసి, పలచటి ప్లాస్టిక్ కార్డు అంచును కీరింగు వైపు నుంచి దూర్చి కొద్దికొద్దిగా లేపాలి. కొత్త పలకను రివెట్ల మీద సరిగ్గా నిలిపి, రెండు చెక్కముక్కల మధ్య గుడ్డ వేసి బిగింపు పట్టులో (వైస్) మెల్లగా నొక్కితే టక్కున కూర్చుంటుంది. సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరి చుట్టూ తెల్లటి పొగలా అంటుకుంటుంది, పైగా రేపు తీయాల్సి వస్తే పలక విరుగుతుంది.

వద్దన్న రెండు

అసిటోన్‌తో తుడిస్తే గీతలు కరిగి కలిసిపోతాయన్నది ఏబీఎస్‌తో చేసే 3డీ ప్రింటింగ్ నుంచి వచ్చిన ఆలోచన. సెల్లిడోర్ మీద అది అంచులను కరిగిస్తుంది, గుడ్డ నారను అంటించుకుంటుంది. కొన్నాళ్లకు రివెట్ల దగ్గర, అంటే ప్లాస్టిక్ ఇప్పటికే బిగువులో ఉన్నచోట, సన్న పగుళ్లు కూడా తెస్తుంది. గోళ్ల రంగును పారదర్శక పూతగా వేయడమూ ఇంతే, అందులోని ద్రావకాలు అదే పని చేస్తాయి. మంచి లక్కర్ వేసినా జేబు రాపిడికి అంచుల్లో పొరలు లేస్తుంది, అప్పుడు గీతల కన్నా వికారంగా ఉంటుంది.

ఎవరికి ఏది?

రోజూ ఆఫీసుకు జేబులో పెట్టుకెళ్లేవారు, ఆరునెలలకోసారి సన్న కాంపౌండు, నెలకోసారి మైనంతో ఆగిపోండి. మళ్లీ మళ్లీ గీతలు పడేదాన్ని ఏటా కాగితంతో రుద్దితే పిడి అరిగిపోతుంది. ఒకసారి 800 నుంచి మొత్తం చేసి, ఇకపై సంచిలో దాచుకునేవారికి కాగితం పని తగినది. పండ్లు, కూరగాయలు కోసేవారు కాంపౌండు వాడితే బ్లేడు సందుల్ని రెండుసార్లు కడగాలి, కీలుకు లిక్విడ్ పారాఫిన్ మాత్రమే వేయాలి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు పాచిపోయి జిడ్డుగా కీలులో పేరుకోవచ్చు. తినే పదార్థాలకు వాడని చాకైతే కుట్టుమిషన్ నూనె సరిపోతుంది. ట్రెక్కింగ్‌కు వాడే నైలాన్ పిడిని కడిగి వదిలేయండి, గరుకే దాని పట్టు.

తండ్రిదో తాతదో చాకు చేతికొచ్చినవారు సబ్బునీళ్లు, మైనం దగ్గరే ఆగాలని గట్టిగా చెబుతాం. ఏళ్ల తరబడి ఒక చెయ్యి పట్టుకున్న అరుగుదల కాగితంతో పోతే తిరిగి రాదు. అది సెల్యులాయిడ్ అయితే పొడిగా అసలే రుద్దవద్దు, దాని పొడి మండే పదార్థం.

మెరుపు నిలబెట్టుకోవడం

కార్నౌబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం) కలిసిన కారు మైనం పలచగా పూసి, పది నిమిషాలు ఆగి, మెత్తటి గుడ్డతో తుడవండి. రెండు పొరలు చాలు. మందంగా పూస్తే గాళ్లలో తెల్లగా పేరుకుంటుంది, అప్పుడు మెత్తటి టూత్‌బ్రష్, సబ్బునీళ్లు. మైనం కొత్త గీతలను ఆపదు, ఇసుకరేణువు దాని మీద కొంత జారిపోయేలా చేస్తుంది. నిజమైన రక్షణ చాకును వేరే జేబులో ఉంచడం, ఆ జేబును ఉతికేముందు తిరగేసి దులపడం.

సంచి కొంటే తోలుదో గుడ్డదో కొనండి. మెత్తటి పీవీసీ పౌచ్‌లో నెలల తరబడి ఉంచితే అందులోని మెత్తదనమిచ్చే రసాయనం సెల్లిడోర్‌లోకి దిగి రెండూ అతుక్కుంటాయి. దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది రాసుకున్న చేతులు కడుక్కున్నాకే చాకు పట్టుకోండి, మెరుగు పెట్టిన పిడి మీద వేలిముద్రలు అచ్చుపడతాయి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలితే పలకలు వంగి అంచుల్లో లేస్తాయి. సెల్యులాయిడ్ పిడి ఉన్న పాత చాకును మూతబిగించిన డబ్బాలో పెట్టకుండా, మిగతా చాకులకు దూరంగా, గాలి తగిలే చోట ఉంచండి. అది పాతబడేకొద్దీ విడిచే ఆమ్లపు ఆవిరి పక్కనున్న బ్లేడ్లను తుప్పుపట్టిస్తుంది.